తొమ్మిదో ఎక్కం తెచ్చిన తంటా

మా మావయ్యది పర్లాకిమిడిలో బట్టల కొట్టు. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్లిపోయింది గానీ, ఆయన కొట్లో బేరాలన్నీ ఇప్పటికీ తెలుగులోనే. నాది పక్కనే, ఆంధ్రా వైపు పాతపట్నం. మార్చి ఆఖర్న "ఒరే, లెక్కలు చదివావు కదా, పద్దులు కంప్యూటర్లో ఎక్కించిపో" అంటే ఆటో ఎక్కి వెళ్లాను.

గుమస్తాగారి మొత్తం 12,47,315. నాకొచ్చింది 12,56,675. తేడా 9,360.

ఇక్కడే నోరు మూసుకుని ఉండాల్సింది. "మావయ్యా, 9, 3, 6 కలిపితే 18. అంటే తేడా తొమ్మిదితో పోతుంది. ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అనేశాను. 73 బదులు 37 రాస్తే తేడా 36, తొమ్మిది నాలుగులు. ఏ రెండంకెలు అటూ ఇటూ అయినా ఇంతే. పదిని, వందని, వెయ్యిని దేన్ని తొమ్మిదితో భాగించినా ఒకటే మిగులుతుంది మరి. మావయ్య కళ్లు పెద్దవి చేసి చూశాడు. దాంతో నాకు ఇంకాస్త ఊపొచ్చింది. తేడాని 9,000, 360గా విడగొట్టి, "రెండు చోట్ల తారుమారు, గంటలో పట్టేస్తాను" అన్నాను.

రాత్రి రెండయింది. మూడు వందల పద్దుల్లో ఒక్క తారుమారూ లేదు. అత్తయ్య టీ మీద టీ తెస్తోంది. "ఏటి బాబూ, ఇంకా తెగలేదా?" అన్నప్పుడల్లా "తొమ్మిది అబద్ధమాడదు అత్తయ్యా" అంటున్నాను. సిగ్గులేకుండా.

పొద్దున్నే మావయ్య మనవరాలు, మూడో తరగతి పిల్ల, నా భుజం మీంచి పుస్తకంలోకి తొంగిచూసి పకపకా నవ్వింది. "అది ఆఠ కాదు, చారి!" ఒడియాలో ఎనిమిది కాదు, నాలుగు అని.

గుమస్తాగారు అంకెలన్నీ ఇంగ్లిషువే వేస్తారు. తొందరలో ఉన్నప్పుడు మాత్రం నాలుగు చిన్నప్పటి ఒడియా బడి నుంచి ఊడిపడుతుంది. ఒడియా నాలుగు చూడ్డానికి అచ్చం మన 8. వేల స్థానంలో రెండు, వందల్లో మూడు, పదుల్లో నాలుగు చోట్ల నేను నాలుగుని ఎనిమిదిగా కొట్టాను. 8,000, 1,200, 160. వెరసి 9,360.

ఒక్క తప్పు తక్కువైనా నేను బతికిపోయేవాణ్ణి. ఏ స్థానంలో జరిగినా ఒక్కో తప్పుకి తొమ్మిదితో భాగిస్తే నాలుగు మిగులుతుంది. ఎనిమిది తప్పులైతే 32, తొమ్మిదితో పోదు, నేను వేరే దారి వెతికేవాణ్ణి. సరిగ్గా తొమ్మిది తప్పులు చేసి, 36 చేసి, తొమ్మిదికి అప్పజెప్పాను. తారుమారైతే తేడా తొమ్మిదితో పోతుంది, నిజమే. తొమ్మిదితో పోయిందల్లా తారుమారే అని ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

గుమస్తాగారు తొమ్మిదింటికి వచ్చారు. సంగతి విని, కళ్లజోడు సర్దుకుని, "నాలుగే కదా రాశాను" అన్నారు అమాయకంగా. తర్వాత ఖర్చుల పుస్తకం తీసి 'రాత్రి టీలు' అని రాసి, పక్కన ఓ అంకె వేశారు.

నాలుగో ఎనిమిదో తెలియలేదు. అడగలేదు కూడా.