ఉద్యోగం ఊడిన ఒకే ఒక్క సవరణకి

అయ్యా పద్దెనిమిదో సవరణ గారూ,

అమెరికాలో మద్యనిషేధం తెచ్చిన మీ క్షేమం అడుగుదామంటే మీరు లేరు. 1933 డిసెంబర్ 5న మీ రద్దుకి యూటా రాష్ట్రం సరే అనగానే మీ ఉద్యోగం ఊడింది. అమెరికా రాజ్యాంగానికి ఇప్పటిదాకా 27 సవరణలు వస్తే, ఇంకో సవరణ తెచ్చి మరీ ఇంటికి పంపింది మిమ్మల్ని ఒక్కరినే. అయినా ఈ ఉత్తరం ఎందుకంటే, మీరు వెళ్తూ వెళ్తూ కొంత సామాను ఇక్కడే వదిలేశారు. అది ఇప్పటికీ కాళ్లకి అడ్డం పడుతోంది.

ముందు మీ తెలివి గురించి రెండు మాటలు. మీరు మందు తాగొద్దు అనలేదు. తయారు చెయ్యొద్దు, అమ్మొద్దు, తరలించొద్దు అన్నారు, పైగా అమల్లోకి రావడానికి ఏడాది టైమిచ్చారు! డబ్బున్నవాళ్లు ఆ ఏడాదిలో ఇంటికింద గదులు నింపుకుని, 1920 జనవరి నుంచి చట్టం ఒప్పుకున్నట్టే ఇంట్లో కూర్చుని తాగారు. లేనివాడు దొంగసారా తాగి కళ్లు పోగొట్టుకున్నాడు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ దొరికేది (మనవాళ్లు మందుని మందు అని ఊరికే అనలేదు). ద్రాక్షరసాన్ని ఇటుకల్లా గడ్డకట్టించి అమ్మినవాళ్లయితే, దీన్ని నీళ్లలో కలిపి ఇన్ని రోజులు అల్మరాలో ఉంచకండి, వైన్ అయిపోతుంది సుమా అని జాగ్రత్తగా హెచ్చరించేవాళ్లు. కొన్నవాళ్లకి కావలసింది ఆ హెచ్చరికే.

మీ వెనక నిలబడ్డ ఆడవాళ్ల బాధ అబద్ధమని అనడం లేదు. తాగొచ్చి కొట్టే మొగుడు ఒహాయోలోనూ ఉన్నాడు, నెల్లూరు జిల్లాలోనూ ఉన్నాడు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం ఊపులోనే 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. తప్పో ఒప్పో, మాకు ఒక అసెంబ్లీతో పనైపోయింది. మీరు నేరుగా రాజ్యాంగంలోకి ఎక్కి కూర్చున్నారు కాబట్టి మిమ్మల్ని దింపడానికి నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు కదలాల్సి వచ్చింది, అదీ మామూలు దారిలో కాదు, చట్టసభల సభ్యులకి మీ మనుషులంటే భయమని వాళ్లని పక్కనపెట్టి, రాష్ట్రాల్లో ప్రత్యేక సభలు పెట్టించి! ఆ పద్ధతిలో వచ్చిన సవరణ మిమ్మల్ని దింపిన ఆ ఇరవై ఒకటోది ఒక్కటే.

ఇక మీ సామాను సంగతి. నాలుగో సవరణ అని మీకంటే చాలా పెద్దాయన ఒకరున్నారు, 1791 నుంచి. పౌరుల ఇళ్లూ ఒళ్లూ ఊరికే సోదా చెయ్యొద్దు అంటారాయన. మీ కాలంలో మిషిగన్ రోడ్డు మీద ఏజెంట్లు ఓ కారు ఆపి, సీటు చీల్చి, లోపల దాచిన 68 సీసాలు బయటికి తీశారు. వారెంట్ లేదు. కారు కదిలిపోయే వస్తువు, వారెంట్ తెచ్చేలోపు మాయమైపోతుంది, బలమైన కారణముంటే వెతకొచ్చు అని 1925లో సుప్రీంకోర్టు క్యారల్ కేసులో తేల్చింది. మీరు పోయారు, మందు తిరిగొచ్చింది, ఆ తీర్పు మాత్రం అలాగే ఉంది. పోయినేడాది మా తమ్ముణ్ణి హైవే మీద ఆపి, ఏదో వాసన వస్తోందని డిక్కీ అంతా తిరగేశారు. దొరికింది అమ్మ పంపిన ఆవకాయ. వాసన మాట నిజమే లెండి.

ఫోన్ల సంగతి కూడా మీ పుణ్యమే. సియాటిల్‌లో మందు అమ్ముకునే ఓ మాజీ పోలీసాయన ఫోన్లు వారెంట్ లేకుండా విన్నారు, ఇంట్లోకి అడుగుపెట్టలేదుగా, తప్పేంటి అంది కోర్టు 1928లో. ఆ మాట కొట్టేయడానికి 1967 దాకా పట్టింది.

అన్నిటికంటే నాకు మండేది ఆ గడువు. ఏడేళ్లలోపు రాష్ట్రాలు ఒప్పుకోకపోతే చెల్లదు అని సవరణలోనే రాసుకొచ్చిన మొదటివారు మీరు. మీకు దాంతో పనే పడలేదు, పదమూడు నెలల్లో గట్టెక్కారు. కానీ తర్వాత అదో ఆచారమైపోయింది. ఆడా మగా హక్కులు సమానం అనే సవరణని 1972లో కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) రాష్ట్రాలకి పంపిస్తే ఏడేళ్లన్నారు, పోనీలే అని 1982 దాకా పొడిగించారు, 38 రాష్ట్రాలు కావాల్సిన చోట 35 దగ్గర ఆగిపోయింది. 2020లో వర్జీనియా వచ్చి 38వదాన్ని నేనంటే, టైమైపోయింది పొమ్మన్నారు. కాంగ్రెస్ సభ్యుల జీతాల మీద 1789లో రాసిన సవరణకి మాత్రం గడువు లేదు, రెండొందల ఏళ్లు పడుకుని, 1992లో లేచి, దర్జాగా ఇరవై ఏడోది అయి కూర్చుంది.

అంచేత అయ్యా, ఎవరినైనా పంపించి ఆ సామాను తీయించండి. గడువుతో మొదలుపెట్టమనండి, అదే బరువెక్కువ.

ఇట్లు,
డిక్కీలో పచ్చళ్లు తప్ప ఏమీ లేని
ఓ డాలస్ తెలుగువాడు