గోస్తనికి అడ్డంగా గీసిన గీత

కటికి జలపాతం దగ్గర ఫొటోలు దిగొచ్చేవాళ్ళందరికీ ఆ నది పేరు గోస్తని అని తెలుసు. ఆ నీళ్ళే కొండ దిగి విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయంలో చేరి, అక్కణ్ణుంచి విశాఖ కుళాయిలకి వెళతాయనీ తెలుసు. తెలియనిదల్లా జలాశయం అవతల, కొండ మొదట్లో ఉన్న చిన్న చిన్న గిరిజన పల్లెల సంగతే.

ఆ మధ్య పడవలో అటు వెళ్ళాను. జల్లు పడుతోంది. పక్కన కూర్చున్న అవ్వ తను తడుస్తూనే రేషన్ బియ్యం సంచీని కొంగుతో కప్పింది. దిగాక గట్టు మీది జీడితోట చూపించి, "మా మావ కొట్టిన పోడు బాబూ. కాయితం మాత్రం లేదు" అంది.

ఇదే తోట కొండ మీద, బొర్రా గుహల పక్కన ఉంటే కథ వేరు. అది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గుర్తించిన ప్రాంతం. అక్కడ 1970 నాటి 1/70 భూబదలాయింపు చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన 'సమతా తీర్పు' పుట్టింది ఆ బొర్రా పల్లెల మైనింగ్ లీజుల గొడవలోంచే. ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తి' కిందకే వస్తుందని, అక్కడి భూమిని ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. కిందికొస్తే నది అదే, కొండ అదే, మనుషులూ వాళ్ళ చుట్టాలే. కానీ 1950లో గీసిన షెడ్యూల్ గీతకి ఇవతల ఉన్నారు కాబట్టి ఆ రక్షణ ఒక్కటీ లేదు. పట్నం నుంచి కారులో వచ్చి ఎవరైనా బేరం పెట్టొచ్చు.

ఈ పల్లెల్ని కూడా షెడ్యూల్లో కలపమంటే, కలిపితే టూరిజం రాదు, ఉద్యోగాలు పోతాయి అంటారు. అరకు షెడ్యూల్డ్ ప్రాంతమే. అక్కడ టూరిజం ఆగిందా?

నా అసలు బాధ ఇంకోటి. ఉత్తరాంధ్ర కొండల నుంచి నీళ్ళు కావాలి, రాయి కావాలి, సెలవుల్లో చల్లగాలి కావాలి. శృంగవరపుకోట కొండల మీద నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త మాత్రం మనకి అలవాటైపోయింది. తీసుకోవడానికి దగ్గరైన కొండ, ఇవ్వడానికొచ్చేసరికి దూరమైపోతోంది.

గవర్నర్‌ను సంప్రదించి షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఐదో షెడ్యూల్లోనే ఉంది. రిసార్టుల ఫైలుకంటే ముందు ఆ ఫైలు కదలాలి. అవ్వ తోటకైతే అంతవరకు ఆగక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్ గీతతో పనిలేదు. అటవీ భూమిలో 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉన్న గిరిజనులకి పట్టా ఇవ్వాల్సిందే. ఆవిడ మావ పోడు కొట్టింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు.