ల్యాబ్ టెక్నీషియన్ చదువు: ఫీజుకు మించిన లెక్క

ల్యాబ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ తక్కువ ఖర్చుతో త్వరగా ఉపాధి చూపిస్తుందని చెప్పే ఒక వ్యాసం చదివాను, దానితో నేను సగమే ఏకీభవిస్తాను. ఆదోని నుంచో ఆళ్లగడ్డ నుంచో కర్నూలుకు వచ్చి డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివేవారు ఫీజుతో పాటు రెండేళ్ల హాస్టల్ ఖర్చునూ, ఆ కాలంలో వదులుకునే సంపాదననూ లెక్కలో కలుపుకోవాలి. రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు లేని ఆరు నెలల సర్టిఫికెట్ (బస్టాండు గోడల మీద కనిపించే రకం) ఎంత చవకైనా దండగే, ఎందుకంటే బోర్డులో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రభుత్వ పోస్టులకు దరఖాస్తు చేయడం కుదరదు. ప్రైవేటు ల్యాబుల్లో తొలి జీతం తక్కువే. అయితే, కర్నూలు సర్వజన ఆసుపత్రి వంటి రద్దీ ఉన్న చోట ప్రాక్టికల్స్ చేసి, యంత్రం చూపిన ప్లేట్‌లెట్ సంఖ్య అనుమానంగా ఉంటే స్మియర్ వేసి (రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా పరిచి) మైక్రోస్కోపులో సరిచూడగల నేర్పు సంపాదించినవారికి ఆ జీతం అక్కడే ఆగిపోదు. కనుక చేరేముందు ఫీజు రాయితీ కన్నా ముందుగా, ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో చేయిస్తారో అడగాలి.