విడాకుల కథలో పదో తరగతి పిల్ల ఎక్కడ?

తెలుగులో విడాకుల మీద కథలు, నవలలు చాలానే వచ్చాయి, కానీ నేను చదివినంతలో అవన్నీ మొగుడూ పెళ్ళాల గొడవగానే నడుస్తాయి. ఆ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే ఏడవడానికి ఒక సీను, కోర్టు బయట అమ్మ చెయ్యి పట్టుకోడానికి ఒక సీను, అంతే. మొత్తం ఆ పిల్లే చెప్పే నవల కావాలి, అదీ మన చిత్తూరు, తిరుపతి మధ్య జరిగేది.

ఈ విషయంలో చట్టమే నయం. పిల్లలకి ఆలోచించి చెప్పే వయసుంటే వాళ్ల ఇష్టాన్ని జడ్జి లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. నీకెవరి దగ్గరుండాలనుందమ్మా అని అడిగితే, అమ్మ అంటే నాయన మొహం చూడలేకపోతుంది, నాయన అంటే ఆ రాత్రి అమ్మ పక్కన పడుకోలేకపోతుంది. ఆ పిల్ల నోరు తెరిచేలోపు మనసులో తిరిగేవే ఒక చాప్టరవుతాయి.

అమ్మ చిత్తూరులో టీచరు, నాయన తిరుపతిలో లాడ్జి మేనేజరు అనుకోండి. ఇంతకుముందు శనివారం నాయన దగ్గరికి బస్సెక్కించాలంటే చార్జీ డబ్బులు ఎవరివి అనే దగ్గరే మళ్లీ మాటా మాటా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చింది కదా, ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో కూడా జీరో టికెట్, అంటే ఈ పిల్ల ఎవర్నీ చెయ్యి చాచి అడక్కుండా వెళ్లగలదు, వెళ్లనని కూడా చెప్పగలదు. బట్టలు ఒక జత అక్కడే ఉంచేసింది గానీ సైన్సు రికార్డు మాత్రం ప్రతివారం మోయాల్సిందే. ఆధార్‌లో ఇంకా పాత అడ్రస్సే, ముగ్గురూ కలిసున్న ఇల్లు. కండక్టరు ఒకసారి చూసి టికెట్ కొట్టేస్తాడు, ఆయనకేం తెలుసు.

నాయన రెండో పెళ్లి చేసుకుంటే వచ్చే ఆవిడని మాత్రం రాక్షసిని చెయ్యొద్దు. ఆమె మంచిదైతేనే పిల్లకి అసలు కష్టం, సంగటిలోకి ఆమె నూరిన ఊరుబిండి భలే ఉందని అమ్మ దగ్గర అనడానికి లేదు కదా.

పిల్లల గొంతుతో కథ చెప్పడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు, రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన కథల్లో మిట్టూరు పిల్లోడితో ఇక్కడి యాసలోనే చెప్పించారు. ఇప్పుడు రెండిళ్ల మధ్య తిరిగే పిల్ల వంతు.

రాసేవాళ్లకి ఒక్క రిక్వెస్ట్, చివర్లో కొండ మీద దర్శనం క్యూలో అమ్మానాయన్ని కలిపేయకండి. 'నువ్వు చెప్తే మీ నాయన వింటాడే' అని అవ్వలు ఇప్పటికే పిల్లల మీద ఆ భారం పెడుతున్నారు, నవల కూడా అదే చెప్తే, అమ్మానాయన కలవని ఇంట్లో కూర్చుని చదివే పిల్ల తప్పంతా తనదే అనుకుంటుంది.