రెండో ర్యాంకుకి ఇంత సంబరమా?

ముందు నా క్వాలిఫికేషన్ చెప్తా. బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర హోర్డింగుల మీద స్టాంపు సైజు మొహాలు చూస్తూ, టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, నాలుగు" అని గుక్క తిప్పుకోకుండా చదివే ర్యాంకుల యాడ్లు వింటూ తయారైనవాణ్ణి. టెన్త్‌లో స్కూల్ సెకండ్ వచ్చానని పరిగెత్తుకుంటూ ఇంటికెళ్తే మా నాన్న పేపర్ దించకుండానే "ఫస్ట్ ఎవడ్రా?" అన్నాడు. అంతే. ఆ రాత్రి కూడా పప్పుచారే. ఇంత శిక్షణ ఉన్న మనిషిని దేవుడు తీసుకొచ్చి అమెరికాలో, అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ పక్కన మొక్కజొన్న చేల మధ్య పడేశాడు. ఇక్కడి జనం చేస్తున్న పని చూసి కడుపు మండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

విషయం ఏంటంటే యూనివర్సిటీ ఆఫ్ అయోవా అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ 2023-24 సీజన్‌లో 34 మ్యాచ్‌లు గెలిచి 5 ఓడింది. ఆ ఐదులో ఒకటి ఏకంగా దేశం మొత్తం కాలేజీల టోర్నమెంట్ ఫైనల్. అంతకు ముందేడు కూడా ఫైనల్‌దాకా వెళ్లి లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) చేతిలో 102-85తో ఓడి వచ్చారు. అంటే వరసగా రెండేళ్లు సెకండ్ ర్యాంకు. మనూళ్లో అయితే పిల్లల్ని ఎత్తుకెళ్లి లాంగ్ టర్మ్‌లో పడేసేవాళ్లం, టీవీ కనెక్షన్ పీకేసేవాళ్లం, చుట్టాల పెళ్లిళ్లు కూడా బంద్. వీళ్లేమో పసుపు, నలుపు చొక్కాలు వేసుకుని ఊరూరా పండగ చేసుకుంటున్నారు, నెలలు గడిచినా ఆ చొక్కాలు విప్పట్లేదు, నిన్న వాల్‌మార్ట్‌లో పాల దగ్గర నిలబడి లెక్కపెడితే 22 నంబర్ వేసుకున్నవాళ్లు ఏడుగురు, అందులో ఒకాయనకి డెబ్బై ఏళ్లుంటాయి.

అసలు ఫస్ట్ ర్యాంకు ఎవరిదో తెలుసా? సౌత్ కరొలైనా యూనివర్సిటీ. కోచ్ డాన్ స్టేలీ. 38 ఆడి 38 గెలిచారు. అదీ రిజల్ట్ అంటే, అదీ హోర్డింగ్ కట్టాల్సిన మొహం. ఫైనల్లో 87-75. పేపర్ దిద్దేవాడి కళ్లతో చూసి చెప్తున్నా, అయోవా వాళ్ల తప్పులు క్షమించరానివి. మొదటి క్వార్టర్‌లోనే వీళ్ల స్టార్, ఆ 22 నంబర్ పిల్ల కెయిట్లిన్ క్లార్క్ ఒక్కతే 18 పాయింట్లు కొట్టేసింది, ఈజీ క్వశ్చన్లన్నీ ముందే రాసేసి తర్వాత పెన్ను నమిలిన స్టూడెంట్‌లాగా. రీబౌండ్లు, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బాల్ పట్టుకోవడాలు, అటు 51, ఇటు 29. బెంచ్ మీద నుంచి వచ్చినవాళ్లు కొట్టిన పాయింట్లు అటు 37, ఇటు గుండు సున్నా. ఈ ఆన్సర్ షీట్ పట్టుకుని ఇంటికెళ్లే ధైర్యం నాకైతే లేదు.

ముహూర్తం సంగతి ఇంకా ఘోరం. ఏప్రిల్ 7న, అమావాస్యకి ముందు రోజు, అదీ క్లీవ్‌ల్యాండ్‌లో పెట్టారు. మర్నాడు అదే ఊళ్లో సంపూర్ణ సూర్యగ్రహణం! ఆర్గనైజర్లలో పంచాంగం తిరగేసేవాడు ఒక్కడు లేడా? రెండ్రోజులు ఆగుంటే ఉగాది వచ్చేది, క్రోధి నామ సంవత్సరం కదా, మన పిల్లలక్కూడా కాస్త క్రోధం పుట్టి ఆ రీబౌండ్లేవో పట్టేవాళ్లు.

(మన పిల్లలు అన్నానా? అలవాటులో వచ్చేసింది. కొట్టేయండి.)

నన్ను వ్యక్తిగతంగా దెబ్బతీసిన విషయం ఇంకోటుంది. "ఆడాళ్ల బాస్కెట్‌బాల్ ఎవడు చూస్తాడండీ?" అని ఒక మాట ఉండేది. చాలా మంచి మాట. ఏ టాపిక్‌లో అయినా వాడొచ్చు, డబ్బులు ఎందుకు పెట్టరంటే ఎవడు చూస్తాడండీ, టీవీలో ఎందుకు వెయ్యరంటే ఎవడు చూస్తాడండీ, ఎవడూ ఎందుకు చూడడంటే టీవీలో వెయ్యరు కదండీ. గుండ్రంగా, లడ్డూలాగా, ఎక్కడా చివర లేకుండా ఉండేది. 2021లో టోర్నమెంట్‌కి మగపిల్లలకి పెద్ద జిమ్ కట్టిచ్చి ఆడపిల్లలకి ఒక్క డంబెల్స్ స్టాండు ఇచ్చినప్పుడు కూడా పెద్దలు ఈ మాట నీడలోనే కూర్చున్నారు. అలాంటి మాటని ఈ అమ్మాయిలు ఒక్క సీజన్‌లో పాడు చేశారు.

మొదట అక్టోబర్‌లో, సీజన్ ఇంకా మొదలవకుండానే, ఫుట్‌బాల్ ఆడే కినిక్ స్టేడియంలో బోర్డు పెట్టి డిపాల్ టీమ్‌తో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడితే 55,646 మంది వచ్చారు. లెక్కలోకి రాని మ్యాచ్‌కి! ఆరుబయట, చలిగాలిలో! సీజన్ టికెట్లు అప్పటికే అయిపోయాయి. మార్చి 3న క్లార్క్ మగవాళ్ల కాలేజీ ఆటలో పీట్ మారవిచ్ పెట్టిన 3,667 పాయింట్ల రికార్డు దాటిన రోజు మ్యాచ్‌కి మా అమ్మాయి వెళ్దామంది, రీసేల్ రేటు చూసి ఇది టికెట్టా, ఇంటి కిస్తీనా అని మా ఆవిణ్ణి పిలిచి చూపించా. తర్వాత ఎల్‌ఎస్‌యూ మళ్లీ ఎదురుపడితే 94-87తో కొట్టి పాత సప్లీ పాసయ్యారు, క్లార్క్‌వే 41. ఇక ఫైనల్ సగటున 1 కోటి 87 లక్షల పైచిలుకు మంది చూశారట. మర్నాడు మగవాళ్ల ఫైనల్ చూసింది 1 కోటి 48 లక్షలు. మగవాళ్ల ఫైనల్ కంటే ఆడవాళ్లది ఎక్కువమంది చూడటం అదే మొదటిసారి. ఇక మేము పార్టీల్లో ఏం మాట్లాడాలి?

ఫైనల్ జరిగిన ఆ ఆదివారం మేము మాడ్రిడ్‌లో గుడిలో ఉన్నాం. స్పెయిన్ కాదు, అయోవాలో కూడా మాడ్రిడ్ ఉంది, అక్కడే మా గుడి. పులిహోర లైన్లో నిలబడ్డా, ప్లేట్ ఎడమ చేతిలో, ఫోన్ ప్లేట్ కింద. వెనకాల ఇండియా నుంచి కొడుకుని చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, పంచె, కండువా, పైన స్వెటర్, నా భుజం మీద నుంచి వంగి "స్కోరెంత బాబూ?" అన్నారు. క్రికెట్ అనుకున్నారేమో అని "బాబాయిగారూ, ఇది ఆడపిల్లల బాస్కెట్‌బాల్" అన్నా. "తెలుసయ్యా, ఇరవై రెండు ఎంత కొట్టింది?" అన్నారు. పరువు పోయింది.

మా పక్కింటి మామ్మగారిది ఇంకో కథ. ఎనభై దగ్గర ఉంటాయి, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. అయోవాలో ఒకప్పుడు ఆడపిల్లల ఆటకి వేరే రూలు ఉండేదట, టీమ్‌కి ఆరుగురు, ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక సగంలో, ముగ్గురు గార్డ్‌లు ఇంకో సగంలో, మధ్య గీత దాటకూడదు, బాల్ రెండుసార్ల కంటే ఎక్కువ నేలకి కొట్టకూడదు. 1993 దాకా సాగింది. ఎగతాళి అనుకునేరు, ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవట స్టేట్ టోర్నమెంట్‌కి. ఈవిడ గార్డ్. "నాలుగేళ్లు ఆడాను, మ్యాచ్‌లో ఒక్క బాస్కెట్ వెయ్యలేదు, వేసే సగంలోకి నాకు పర్మిషనే లేదు" అని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే క్లార్క్ కోర్టు మధ్య లోగో దగ్గర నుంచి వేసిన షాట్ నాకు చేతులతో వేసి చూపించింది, కాఫీ కొంచెం ఒలికింది.

సరే, చివరికి ఇంత చేసి ఏం సంపాదించారండీ? 3,951 పాయింట్లతో కాలేజీ ముగించి డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ టీములు కొత్తవాళ్లని ఎంచుకునే కార్యక్రమం) నంబర్ వన్‌గా ఎంపికైన క్లార్క్‌కి మొదటి ఏడు లీగ్ జీతం 76,535 డాలర్లు. మగవాళ్లలో నంబర్ వన్‌కి కోటి డాలర్ల పైనే. మా ఆఫీసులో టెస్టింగ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఆ జీతం విని జాలిపడ్డాడు, వాడికి నంబర్ వన్ కాదు కదా, పార్కింగ్‌లో నంబర్ కూడా లేదు. షూల కంపెనీ ఒప్పందాలు వేరే ఉన్నాయిలెండి, ఆమె గురించి నేను బెంగపడక్కర్లేదు. కేట్ మార్టిన్ అని అదే టీమ్‌లో ఇంకో అమ్మాయి డ్రాఫ్ట్‌కి స్నేహితురాలిని చూద్దామని వెళ్లి, జనంలో కూర్చుని ఉండగా, తన పేరే పిలిపించుకుంది. మనవైపు పక్కవాళ్ల పెళ్లిచూపులకి తోడెళ్లిన పిల్లకి సంబంధం కుదిరినట్టు.

అయోవా కోచ్ లీసా బ్లూడర్ 2024 మేలో రిటైర్ అయిపోయింది. మంచిదే, ర్యాంకు తేలేదని పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరైనా నిలదీస్తారని నేను ఎదురుచూశా, ఎవరూ నిలదియ్యలేదు, పైగా ఏడ్చారు.

నిన్న సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆరో క్లాసు చదివే మా అమ్మాయి డ్రైవ్‌వేలో చాక్‌పీసుతో గీత గీస్తోంది. గరాజ్ మీద హూప్, గీతేమో రోడ్డు పక్కన మెయిల్‌బాక్స్ దగ్గర.

"ఎన్ని వేశావ్?"

"పది నాన్నా."

"ఎన్ని పడ్డాయ్?"

"రెండు!" అంది, స్వీట్లు పంచాల్సిన మొహం పెట్టుకుని.

మిగతా ఎనిమిదీ ఏమయ్యాయి అని అడగబోయి, బాల్ తీసుకుని గీత దగ్గర నిలబడి ఒకటి వేశా. హూప్ దాకా కూడా పోలేదు, మా ఆవిడ కరివేపాకు కుండీకి తగిలింది. లోపలికెళ్లి ఫోన్లో 10కి 2 అని రాసుకుని డేట్ వేశా. శనివారం నుంచి వీక్లీ టెస్టులు.