స్టేషన్ గోడ మీది సీసీ కెమెరా గారికి

మహారాజశ్రీ పోలీస్ స్టేషన్ సీసీ కెమెరా గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ ఆరోగ్యమే ఎప్పుడెలా ఉంటుందో తెలియడం లేదు. స్టేషన్‌లో ఎవరికైనా ఏదైనా జరిగిన రోజు చూసుకుని మరీ మీకు జబ్బు చేస్తోంది. ఒకసారి కరెంటు లేదంటారు, ఒకసారి హార్డ్ డిస్క్ నిండిపోయిందంటారు, ఇంకోసారి వైరు ఊడిందంటారు. పెద్దాఫీసర్లు తనిఖీకి వచ్చిన రోజు మాత్రం నిక్షేపంలా ఉంటారు.

మీదేమీ మామూలు పుట్టుక కాదు. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ మీరుండాలని చెప్పింది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో, ఎస్సై గదిలో, స్టేషన్ వెనకవైపు, ఆఖరికి మరుగుదొడ్డి బయట కూడా. చీకట్లో చూపు ఆనాలి. మాటలు కూడా రికార్డవ్వాలి. గోడలకి చెవులుంటాయని మనం ఊరికే అనుకునేవాళ్ళం, కోర్టు నిజంగానే పెట్టమంది. జ్ఞాపకశక్తి 18 నెలలు, అది దొరక్కపోతే కనీసం ఏడాది. మా ఇంట్లో ఎవరికీ అంత లేదు.

ఒక్కటే తిరకాసు. పైన కమిటీలు ఉన్నాయి లెండి, కానీ మీరు పనిచేస్తున్నారా లేదా అని చూసుకునే బాధ్యత ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే. పిల్లి మెడలో గంట కట్టేదెవరా అని ఎలుకలు ఇన్నాళ్ళూ తలలు పట్టుకున్నాయి. తీరా కట్టాక, అది మోగుతోందో లేదో చూసి చెప్పమని పిల్లికే అప్పజెప్పాం. (పిల్లుల్లోనూ మంచివి ఉన్నాయి. ఎవరి మీదా చెయ్యి చేసుకోని కానిస్టేబుల్ మీద రేపు ఎవరైనా అబద్ధపు ఫిర్యాదు పెడితే, ఆయన్ని కాపాడాల్సింది కూడా మీరే కదా. మీకు జబ్బు చేస్తే ఆయనకీ దిక్కు లేదు.)

మనం ఒకసారి కలిశాం. మీకు గుర్తుండదు.

నా ఫోన్ పోయింది. కొత్త సిమ్ తీసుకోవాలంటే కంప్లయింట్ రశీదు కావాలన్నారు, వచ్చాను. రైటర్ గారు "కూర్చో" అన్నారు. రెండు గంటలు కూర్చున్నాను. నా వయసుకి బయట అందరూ "కూర్చోండి" అంటారు. గడప దాటగానే "అండీ" చెప్పులతో పాటు బయటే ఆగిపోయినట్టుంది. నా ఎదురుగా తలుపు పైన మీరు. మెడకి నల్ల టేపు, కంటి మీద దుమ్ము, పక్కన ఎర్ర లైటు మాత్రం టంచనుగా వెలుగుతూ ఆరుతూ ఉంది.

అప్పుడే ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. బండి వెళ్ళి ఎవరిదో కారుకి గీసుకుందట. తీసుకొచ్చినాయన తెల్ల టీషర్ట్‌లో ఉన్నాడు. అరెస్టు చేసేవాళ్ళు, విచారించేవాళ్ళు పేరూ హోదా స్పష్టంగా కనబడేలా పెట్టుకోవాలని 1996లోనే డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీషర్ట్ మీద ఒక మొసలి బొమ్మ మాత్రం ఉంది.

"నన్నెందుకు తీసుకొచ్చారు సార్?" అన్నాడు ఆ అబ్బాయి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది. పాపం, అది చదివి అడిగినట్టు లేడు, భయమేసి అడిగాడు. జవాబు చెంప మీద పడింది. "ఏరా, నాకే రూల్స్ చెప్తావా?"

ఆ దెబ్బకి తూలితే అతని ఎడమకాలి చెప్పు ఊడి, జారుకుంటూ వచ్చి నా బల్ల కింద ఆగింది. ఒంటి చెప్పుతో నిలబడి దానికేసి చూశాడు తప్ప తెచ్చుకోలేదు. కదలొచ్చో కదలకూడదో తెలియలేదనుకుంటాను. రెండో దెబ్బకి రెండు చేతులూ చెంపల మీద పెట్టుకున్నాడు. "చేతులు దించు" అన్నాడు టీషర్ట్ ఆయన. దించాడు.

నేను మీకేసి చూశాను. తర్వాత నేలకేసి చూశాను. నేల మీద బండలు లెక్కపెట్టాను, అడ్డంగా పదకొండున్నర. ఆ ఐదు నిమిషాలూ సాంకేతిక కారణాల వల్ల నేను కూడా పనిచెయ్యలేదు. చేతిలో ఫోన్ ఉంటే తీసేవాణ్ణేనా? పోయిన ఫోనే నా పరువు కాపాడింది. చివరికి కాలితో ఆ చెప్పుని మెల్లగా అతనివైపు నెట్టాను. అదీ అటూ ఇటూ చూసి.

రశీదు తీసుకుని ఇంటికొచ్చాక నాకు ధైర్యం వచ్చింది. ఇంట్లో అది ఎప్పుడూ పుష్కలంగానే ఉంటుంది. ఆ రోజు ఆ గంట రికార్డింగ్ ఇవ్వమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. ముప్పై రోజుల్లోపే జవాబొచ్చింది, ఆ విషయంలో వంక పెట్టలేను. "సదరు తేదీన సాంకేతిక లోపం కారణంగా ఫుటేజీ అందుబాటులో లేదు." ఎర్ర లైటు దేనికి వెలిగినట్టు? మీరు బతికే ఉన్నారని చెప్పడానికా, మమ్మల్ని బెదిరించడానికా?

2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్టేషన్లలో మీరు పనిచెయ్యకపోవడం మీద తనంతట తానే మళ్ళీ కేసు చేపట్టింది. మీ క్షేమ సమాచారాలు అంత పెద్ద కోర్టు అడుగుతోందంటే మీరు అదృష్టవంతులు. ఆ చెప్పు అబ్బాయిని ఎవరు అడిగారో నాకు తెలియదు.

ఇంతకీ ఈ ఉత్తరం మీ తమ్ముడి గురించి రాయాలని మొదలుపెట్టాను. స్టేషన్ ముందున్న కూడలిలో స్తంభం మీద ఉంటాడే, ఆయన. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ కూడా ఒక్కరోజు జబ్బుపడడు. ఆ రోజు బయటికొచ్చి, చేతులు వణుకుతుంటే హెల్మెట్ బండి ముందు పెట్టుకుని అలాగే వెళ్ళిపోయాను. వారంలో చలాన్ వచ్చింది. ఫొటో ఎంత బాగుందంటే బండి నంబరు, తేదీ, గంట, నిమిషం, సెకను, వంగిపోయిన నా తల, అన్నీ ఉన్నాయి. వెనకాల స్టేషన్ గేటు కూడా పడింది.

ఆ పూట నేను అక్కడున్నానని చెప్పే సాక్ష్యం నా దగ్గర అదొక్కటే. డబ్బు కట్టేసి, కాయితం దాచుకున్నాను.

ఇట్లు,
బల్ల చివర కూర్చున్న మనిషి