వ్యాసరచన దండగన్న వాదనకు జవాబు

విద్యార్థుల చేత వ్యాసాలు రాయించడం దండగ అనే వాదన ఒకటి ఈమధ్య తెగ తిరుగుతోంది. చదివినవాళ్లు నిజమేనని తలూపి, మరో పదిమందికి పంపుతున్నారు. దాని సారాంశం ఇది: సైన్సులో తేలిపోయిన విషయానికి వ్యాసమెందుకు, సూత్రం చాలు, చరిత్ర వ్యాసమంటే తేదీల పట్టిక, కళల మీద రాతంటే ఎవరిష్టం వాళ్లది, ఇప్పుడు కంప్యూటరే నిమిషంలో రాసిపెడుతోంది, అన్నిటికీ మించి, ఒకే విద్యార్థి ఈ మూడు రంగాల మీదా రాస్తే దేన్లోనూ లోతు రాదు.

సైన్సు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే వినగానే సబబుగా తోచేది అదే. పెన్సిలిన్ మీద వ్యాసం రాయమంటే నూటికి తొంభైమంది రాసే వాక్యం ఒకటుంది: 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనుకోకుండా పెన్సిలిన్ కనిపెట్టాడు. తప్పేం లేదు. అంతటితో సరిపెట్టుకుంటే వ్యాసం నిజంగానే దండగ. అయితే ఆ మందును ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఎక్కించి చూసింది 1941లో. మధ్యలో పన్నెండేళ్లు ఏమైనట్టు? ఫ్లెమింగ్ 1929లోనే తన పరిశీలనను ప్రచురించాడు కానీ, బూజు రసం నుంచి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి నిలవ ఉంచడం ఆయనకు సాధ్యపడలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చైన్, నార్మన్ హీట్లీ దాన్ని మళ్లీ చేపట్టారు. 1940 మేలో ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవుల్ని ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లారేసరికి బతికున్నవి ఆ నాలుగే. మరుసటి ఏడాది ఒక పోలీసుకు వైద్యం చేస్తే అతను కోలుకుంటున్నట్టే కనిపించాడు. మందు చాలక అతని మూత్రం నుంచి కూడా పెన్సిలిన్‌ను తిరిగి తీసి వాడారు. అయినా సరిపోలేదు, చనిపోయాడు. 1945లో నోబెల్ ముగ్గురికి వచ్చింది, హీట్లీకి రాలేదు. ఇంతకీ పెన్సిలిన్ కనిపెట్టింది ఎవరు? చూసినవాడా, తీసినవాడా, మనిషిని బతికించేంత తయారుచేసినవాడా? దీనికి ఏ సూత్రమూ జవాబు చెప్పదు. పైగా తేలిపోయిన విషయం అంటున్నామే, అది ఎలా తేలిందో తెలియకపోతే రేపు తేలని విషయం ఎదురైనప్పుడు ఆ విద్యార్థి చేసేదేముంది?

చరిత్రంటే తేదీల పట్టిక అన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు. భూమి బల్లపరుపుగా ఉందని జనమంతా నమ్ముతున్న రోజుల్లో, 1492లో కొలంబస్ బయల్దేరి అది గుండ్రమని చూపించాడని వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. తేదీ సరైనదే, కథే తప్పు. భూమి గోళమని చదువుకున్నవాళ్లకు అప్పటికి ఎన్నో శతాబ్దాలుగా తెలుసు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు దాని చుట్టుకొలత లెక్కగట్టాడు. కొలంబస్‌తో పండితులకు వచ్చిన పేచీ భూమి ఆకారం గురించి కాదు, పడమటి దారిన ఆసియా ఎంత దూరమన్నదాని గురించి. ఆ పేచీలో లెక్క తప్పింది కొలంబస్‌దే. మధ్యలో అమెరికా అడ్డం రాబట్టి బతికిపోయాడు. బల్లపరుపు కథ ఇంతగా పాకడానికి వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికన్ రచయిత 1828లో రాసిన కొలంబస్ జీవితచరిత్ర చాలా సాయపడింది. మంచి వ్యాసంలోనూ చెడ్డ వ్యాసంలోనూ ఉండే తేదీ అదే 1492. వాటిని వేరుచేసేది పట్టికలో దొరకదు.

కళల మీద ఎవరిష్టం వాళ్లదట. నచ్చడం, నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్లదే, కాదనను. కానీ పికాసో గెర్నికా చిత్రం విమానదాడిని కళ్లకు కట్టినట్టు చూపిస్తుందని రాసే విద్యార్థిని ఆపి, అందులో విమానం ఎక్కడుందో చూపించమనవచ్చు. లేదు. బాంబూ లేదు. గెర్నికా స్పెయిన్‌లో ఒక ఊరు. అక్కడి అంతర్యుద్ధంలో సైన్యాధికారి ఫ్రాంకోకు మద్దతుగా వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు 1937 ఏప్రిల్ 26న ఆ ఊరిని ధ్వంసం చేశాయి. ఆ వార్తకు స్పందించి గీసిన దాదాపు 8 మీటర్ల వెడల్పు చిత్రంలో ఒక గుర్రం, ఒక ఎద్దు, చనిపోయిన బిడ్డతో తల్లి, ఒక కరెంటు బల్బు ఉన్నాయి. రంగులు చూస్తే నలుపు, తెలుపు, బూడిద. దాడి చేసినవాణ్ని చూపకుండా దాడిని ఎందుకు చూపినట్టు? దీనికి రెండు మూడు జవాబులుండొచ్చు. అన్నీ ఒకే విలువ చేయవు. బొమ్మలో ఉన్నదానితో ఏది ఎక్కువ పొసుగుతుందో చూసే మార్కులు వేస్తారు.

కంప్యూటర్ మాట. అవును, రాసిపెడుతుంది, అప్పుడప్పుడు లేని పుస్తకాన్ని ఉన్నట్టు కూడా చూపిస్తుంది. ఆ సంగతి అలా ఉంచండి. పెన్సిలిన్ మీద ఇంకో వ్యాసం లేక లోకం ఆగిపోయిందని ఏ మాస్టారూ రాయించడు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత రాసినవాళ్లది. గుర్తుచేసుకుని రాయడమే వ్యాసం కాదు, ఒప్పుకుంటాను. కానీ కంప్యూటర్ రాసిచ్చినదాన్ని కాపీ చేసే పిల్లవాడికి ఆ కాస్త కూడా దక్కదు. గైడులోని నమూనా వ్యాసాన్ని బట్టీపట్టి పరీక్షలో దించేసే పద్ధతి కంప్యూటర్ కన్నా ముందే ఉంది కదా అంటే, దాని మీద ఎంత కోపమున్నా న్యాయమే. దానికి వ్యాసాన్ని ఎత్తెయ్యక్కర్లేదు. శీర్షిక ఇచ్చే చోట ప్రశ్న ఇస్తే గైడు పనికిరాకుండా పోతుంది.

ఇక మూడు రంగాల మీద రాస్తే లోతు రాదన్న వాదన. 1609లో చంద్రుణ్ని దుర్భిణీతో చూసి బొమ్మ గీసినవాళ్లలో గెలీలియో మొదటివాడు కాదు. ఆయనకన్నా కొన్ని నెలల ముందే, ఆ జూలైలో, ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణితజ్ఞుడు చూసి గీశాడు. వెలుగుకూ చీకటికీ మధ్య గీత వంకరటింకరగా ఉందని గమనించాడు. కొండలూ గుంటలూ ఆ బొమ్మలో లేవు. గెలీలియో అలాంటి మచ్చల్నే చూసి ఇవి నీడలన్నాడు, నీడ ఉందంటే ఎత్తుపల్లాలున్నట్టే అన్నాడు, 1610 మార్చిలో బొమ్మలతో సహా అచ్చువేశాడు. ఆయనకు చిత్రలేఖనంలో, వెలుగునీడలు గీయడంలో ప్రవేశం ఉండబట్టే ఆ మచ్చలు అర్థమయ్యాయని కొందరు కళాచరిత్రకారుల వాదన. వినడానికి బాగుంది. కానీ హారియట్ దుర్భిణీ 6 రెట్లు పెద్దది చేసి చూపేది, గెలీలియోది 20 రెట్లు. గెలీలియో పుస్తకం వచ్చాక, 1610 జూలైలో హారియట్ గీసిన చంద్రుడిలో గుంటలు కనిపిస్తాయి. అప్పటికి అతని దుర్భిణీ కూడా మెరుగైంది. తేడా తెచ్చింది అద్దమా, చేతికున్న అలవాటా, చదివిన పుస్తకమా? సైన్సు ఒక్కటే చదివినవాడు అద్దమని సరిపెట్టుకుంటాడు, బొమ్మలే చదివినవాడు అలవాటంటాడు, పుస్తకం ఎప్పుడు చేరిందో చరిత్ర చదివినవాడు వెతుకుతాడు. ఈ ప్రశ్న మీద లోతుగా రాయాలంటే మూడింటిలో దేన్ని వదిలేయాలో ఆ వాదన చేసినవాళ్లే చెప్పాలి.